మెహర్ ఆపా కొలత

మొన్న ఒక పాత ఇంజన్ కడుతుంటే క్యామ్ షాఫ్టుకు పూసే గ్రీజు అయిపోయింది. బజారుకు వెళ్లే ఓపిక లేక పక్కింటామెను అడిగి గిన్నెడు ఆముదం తెచ్చాను. వేళ్లతో తీసి షాఫ్టుకు రాస్తుండగా ఆ చిక్కటి వాసన, షెడ్డులోని కిరసనాయిలు వాసనతో కలిసి ఒక్కసారి ముక్కుకు తగిలింది. నా చెయ్యి ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో కసురుకున్నట్టే అనిపించింది. "తలకంటినట్టు అంటకు ముత్తీ! దుల్హన్‌కు హల్దీ పెట్టినట్టు పెట్టు. ఒక్క మూల గూడ ఇడువొద్దు." వెనక్కి తిరిగి చూడలేదు. అక్కడ ఎవరూ ఉండరని తెలుసు. మెహర్ ఆపా పోయి చాలా కాలమైంది.

ఆమెను చూడనివాళ్లకు ముందు ఆమె షెడ్డు గురించి చెప్పాలి. సారపాకలో కాగితం మిల్లుకు కలప తెచ్చే లారీలు వరసగా ఆగే రోడ్డు పక్కన, నాలుగు ఇంజన్లు విప్పి పెట్టుకునేంత చోటు, పైన రేకులు. అది వాళ్ల నాన్న పెట్టిన షెడ్డు. ఆయన్ను ఊరంతా పెద్ద ఉస్తాద్ అనేవారు. నేను వెళ్లేసరికే ఆయన లేడు. కూతురు మెహరున్నీసా, ఆమె తమ్ముడు ఖాదర్ కలిసి నడిపేవారు. పొద్దున్నే ఆమె బురఖాలో వచ్చేది. దాన్ని మేకుకు తగిలించి, తండ్రి ఖాకీ చొక్కా పైన వేసుకుని, జర్దా పాన్ దవడన పెట్టుకుని ఇంజన్ మీదకు వంగేది. ఈ వయసులో ఆ నడుముతో ఎందుకమ్మా అని ఎవరైనా అంటే, "నడుము నాది, ఇంజన్ నీది. నీ దాని సంగతి చెప్పు" అనేది. నమాజు వేళకు చేతులు రుద్ది రుద్ది కడిగేది. గోళ్లలో నలుపు ఎంతకూ పోకపోతే, "నేను చేసే పని ఏందో ఆయనకు తెల్వదా" అని లేచి వెళ్లిపోయేది.

మాది ములకలపల్లి అవతల అడవి అంచున ఒక కోయ గూడెం. నా మనిషి జ్వరంతో పోయాక కొన్నాళ్లు అన్న పోడు చేలో పని చేశాను. అక్కడ ఇద్దరి తిండికే గడవదని అర్థమై సారపాకకు వచ్చాను. లారీల నుంచి జామాయిల్ కట్టె దించే కూలి దొరికింది. కొన్నాళ్లకు భుజం పుండు పడింది, ఆ తర్వాత చెయ్యి పైకి లేవడం మానేసింది. ఆపా షెడ్డులో సామాన్లు కడిగే మనిషి కావాలని ఎవరో అంటే వెళ్లి నిలబడ్డాను.

"ఏం పని వస్తది?" అంది ఆపా తల ఎత్తకుండానే.

"ఏది చెప్తే అది."

"గట్ల చెప్పేటోళ్లకు ఏదీ రాదు. ఏది రాదో చెప్పు ముందు."

"చదువు రాదు."

"నట్టు బోల్టుకు వస్తదా? తొట్టిల కిరసనాయిలుంది. కడుగు."

అలా చేరాను. కడిగిన ప్రతి వస్తువు పేరూ పనీ అడిగేదాన్ని. ఖాదర్ విసుక్కునేవాడు. ఆపా మాత్రం తిడుతూనే చెప్పేది. ఇంజన్‌లో పిస్టన్ కిందికీ పైకీ ఆడుతుందనీ, దాని నెత్తి మీద గాలి లోపలికి రావడానికొక తలుపు, పొగ బయటికి పోవడానికొక తలుపు ఉంటాయనీ, వాటిని వాల్వులంటారనీ, ఆ తలుపుల్ని వేళకు తెరిచేదే క్యామ్ షాఫ్టనీ ఆమె దగ్గరే తెలుసుకున్నాను. అది కోడిగుడ్డు ఆకారపు దిమ్మెలున్న కడ్డీ. పైన అది తిరగాలంటే కింద తిరిగే క్రాంకు నుంచి ఒక చైను దాని పళ్లచక్రానికి ఎక్కాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయినా తలుపులు వేళ తప్పుతాయి.

అందుకే ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. క్యామ్ సరిగ్గా కుదిర్చిన ఉస్తాద్, పళ్లచక్రం మీద ఒకటి, దానికెదురుగా ఇంజన్ తలభాగమైన హెడ్డు మీద ఒకటి, పంచ్‌తో తన గుర్తు కొట్టేవాడు. తర్వాత ఎవరు విప్పినా ఆ రెండు గుర్తులూ ఎదురెదురుగా పెట్టి బిగిస్తే చాలు. పెద్ద ఉస్తాద్ గుర్తు నెలవంక. ఆయన బతికుండగానే కొడుక్కి రెండు చుక్కల గుర్తు ఇచ్చాడు. కూతురికి ఇవ్వలేదు. ఆపా ఎన్ని ఇంజన్లు కట్టినా వాటి మీద తండ్రి నెలవంకే కొట్టేది.

"నీ గుర్తేది ఆపా?" అని ఒకసారి అడిగాను.

"ఆడదాని గుర్తు చూసి ఎవడు బిగిస్తడే? అబ్బ గట్లనే అన్నడు." పాన్ ఉమ్మి వచ్చి మళ్లీ అంది. "నేను గూడ నమ్మిన. నమ్ముడు అల్కగుంటది."

ఆ మాట ఆమె బాధగా అనలేదు. తుప్పు పట్టిన బోల్టును చూసి అన్నట్టు, కోపంగా అంది.

కొన్నాళ్లకు ఆమె కళ్లకు పొర కమ్మింది. ఆపరేషన్ మాటెత్తితే వానలు పోనీ అనేది, వానలు పోతే ఎండలు పోనీ అనేది. గుర్తులు చూసి బిగించడం కాక, క్యామ్‌ను నిజంగా కొలిచే సామాను ఆమె దగ్గర ఒకటుండేది. డిగ్రీ ప్లేటు. అన్నం పళ్లెమంత గుండ్రటి రేకు, అంచు చుట్టూ సన్నటి గీతలు, ప్రతి పదో గీత కాస్త పొడుగు. దాన్ని క్రాంకు కొనకు బిగించి, పక్కన ఒక తీగను సూదిలా వంచి పెడితే, ఇంజన్ ఎంత తిరిగిందో గీతల్లో తెలుస్తుంది. ఒకరోజు ఆ ప్లేటును నా ఒళ్లో పడేసింది.

"నాకు గీతలు అలుక్కపోయి కనిపిస్తున్నయ్. ఖాదర్‌గాడు కొలవడు, గుర్తు చూసి బిగిస్తడు. నీ కండ్లు కిరాయికి ఇస్తవా?"

"నాకు అంకెలు రావు ఆపా."

"అంకెలు ఎవడడిగిండు? కట్టెల లెక్క తప్పుతవా?"

"తప్ప."

"మరి గీతలెక్కువనా? లెక్కపెట్టు."

ఖాదర్ అటు నుంచి నవ్వాడు. "బడి మొహం చూడనామెతోని డిగ్రీ చేయిస్తున్నవా ఆపా? పట్టా గూడ ఇస్తవా?"

"ఇస్త. నీకు లేదని ఏడ్వకు."

నేర్చుకోవడం అంత సులువుగా ఏమీ జరగలేదు. కొలత మొదలు కావాలంటే పిస్టన్ సరిగ్గా ఎక్కడ పై కొసకు చేరుతుందో ముందు తెలియాలి. మొదటిసారి నేను మెల్లగా తిప్పి, పిస్టన్ పైకి వచ్చి నిలబడగానే "ఇదే" అన్నాను. ఆపా మొట్టికాయ వేసింది.

"ఎట్ల తెలుసు?"

"ఆగింది కద."

"ఆగలే. ఆగినట్టు కనిపిస్తంది. చక్రం చూడు, తిరుగుతనే ఉంది."

నిజమే. పై కొసన పిస్టన్ కాసేపు కదలనట్టే ఉంటుంది, కింద క్రాంకు మాత్రం కొన్ని గీతలు దాటిపోతుంది. ఆ కాసేపట్లో అసలు కొస ఏదో కంటికి చిక్కదు. ఆపా ప్లగ్గు రంధ్రంలో పొడుగాటి బోల్టు ఒకటి అడ్డం దించింది. ఒకవైపు తిప్పితే పిస్టన్ వచ్చి దానికి తగిలి ఆగింది. తీగ చూపిన గీత దగ్గర సుద్ద పెట్టించింది. ఎదురు దిక్కుకు తిప్పించింది. మళ్లీ తగిలింది. అక్కడా సుద్ద. ఆ రెండు సుద్దలకూ నట్టనడుమ అసలు కొస. "ఒక్క దిక్కు నుంచి వచ్చింది వట్టి మాట" అంది ఆపా. "రెండు దిక్కుల నుంచి తాకితె, అది కొలత." వాల్వు పూర్తిగా తెరుచుకునే చోటు కూడా ఇలాగే దొరుకుతుంది. తెరుచుకుంటున్నప్పుడొకసారి, మూసుకుంటున్నప్పుడొకసారి ఒకే ఎత్తు దగ్గర గీతలు చూసి, మధ్యకు రావాలి.

గీతలు లెక్కపెట్టగా లెక్కపెట్టగా వాటి పక్కనున్న అంకెలు వాటంతట అవే మొహాలు చూపించాయి. సున్నా ఎక్కడుంటుందో తెలిశాక మిగతావి ఎక్కడికి పోతాయి?

ఇలా ఉండగా రాజన్న కారు వచ్చింది. చర్ల అవతలి గూడేలకు అతనొక్కడే కిరాయి కారు నడిపేవాడు. దవాఖానాకు పోవాలన్నా, సంతకు పోవాలన్నా అదే దిక్కు. ఆ ఇంజన్ మొదట కట్టింది పెద్ద ఉస్తాద్. పళ్లచక్రం మీద నెలవంక ఉంది. ఈమధ్య క్యామ్ షాఫ్టులో చక్రాన్ని పట్టి ఉంచే గాడి విరిగిపోతే, ఊరవతల ఎక్కడో లేతు మీద కొత్త గాడి కోయించి తెచ్చారు. ఖాదర్ నెలవంకలు కలిపి బిగించాడు. చదును మీద బండి బాగానే ఉరికింది. మనుషులు ఎక్కి ఎత్తు వస్తే మాత్రం ఊపిరి పోయినట్టు ఆగిపోయేది. కార్బురేటర్ విప్పారు, ప్లగ్గులు మార్చారు. లాభం లేకపోయింది.

"కాన్పు మనిషిని తీస్కపోతాంటె ఎత్తు మీద ఆగింది ఆపా," అన్నాడు రాజన్న. "అందరం దిగి నెట్టినం. ఆమె గూడ దిగుతా అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది."

ఆపా పాన్ నమలడం ఆపింది. "హెడ్డు కవర్ ఇప్పు. ముత్తీ, ప్లేటు తే."

"అద్దంల లెక్క కలిసినయ్ గుర్తులు," అన్నాడు ఖాదర్. "ఏం కొలుస్తరు ఇంకా?"

రాజన్న నన్నొకసారి ఎగాదిగా చూశాడు. "నా బండి మీద నేర్పుడా ఆపా?"

"అవ్. చెడిపోయే ఉంది కద, ఇంకేం చెడగొడ్తది?"

ఖాదర్‌కు ఆ నవ్వులాట నచ్చలేదు. చేతిలో స్పానర్ కింద పెట్టి, అక్కతోనే అయినా నా వైపు చూస్తూ అన్నాడు. "అబ్బ గుర్తును ఈమె లెక్కతోని తప్పు పట్టిస్తున్నవ్. సరే. ఈమె లెక్క తప్పితె మాత్రం రేపటి నుంచి ఈమె షెడ్డుల ఉండొద్దు. కడుగుడు పని గూడ లేదు. పోయి కట్టె దించుకుంటది."

"నన్నెందుకడుగుతవ్? ముత్తినడుగు" అంది ఆపా.

కట్టె దించే భుజం నాకిక లేదు. అన్న చేను నన్ను మోయలేదు. ఈ షెడ్డు పోతే నాకు చోటు లేదని ముగ్గురికీ తెలుసు. అయినా ఆ మనిషి ముందు తల దించబుద్ధి కాలేదు. "ఒప్పుకున్న ఖాదరన్నా. తప్పకపోతె ఏందో గూడ చెప్పు" అన్నాను.

అతను స్పానర్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆపానే చెప్పింది. "తప్పకపోతె ఇగ కడుగదు. కడ్తది."

బోల్టు దించాను. అటు తాకించి సుద్ద పెట్టాను, ఇటు తాకించి సుద్ద పెట్టాను, నడుమకు సున్నా తెచ్చాను. వాల్వు ఎంత దిగిందో చూపే డయల్ ముల్లును దాని మీద పెట్టి, తెరుచుకునేటప్పుడొకసారి, మూసుకునేటప్పుడొకసారి చూశాను. ఎక్కడ పూర్తిగా తెరుచుకోవాలో ఆపాకు నోటికి తెలుసు. నా లెక్కకు అది పద్దెనిమిది గీతలు ఆలస్యంగా వచ్చింది.

"మల్ల" అంది ఆపా. మొత్తం చెరిపి మళ్లీ మొదటి నుంచి చేశాను. అదే వచ్చింది. "ఖాదర్, ఇప్పుడు నువ్వు."

అతను నన్ను పక్కకు జరిపి తనే బోల్టు బిగించుకున్నాడు, తనే తిప్పుకున్నాడు. చాలాసేపు ప్లేటు ముందు వంగి ఉండిపోయాడు. లేచి చేతులు తుడుచుకుంటూ, "పద్దెనిమిదే" అన్నాడు. ఆ మాట దాచకుండా చెప్పినందుకు అతని మీద నాకు ఈనాటికీ గౌరవం ఉంది. కానీ వెంటనే అన్నాడు: "అయితె? అబ్బ తప్పు కొట్టిండంటవా?"

"అబ్బ కొట్టిన్నాడు అది సరిగ్గనే ఉండె" అంది ఆపా. "గుర్తు చక్రం మీదుంది. దాని కింద గాడి చోటు మారింది. గీ గాడి అబ్బ ఎరుగడు. ఎరగని దానికి ఆయన్ను సాక్ష్యం పిలుస్తున్నవ్ నువ్వు." అక్కడితో ఆగి, "పద్దెనిమిది గీతలంటె ఒక్క పన్ను. చైను ఒక్క పన్ను ముందుకెక్కియ్యాలె" అంది.

"అబ్బ గుర్తు దాటి పన్ను మారుస్తరా? వాల్వులు పోయి పిస్టన్‌ను గుద్దుతె ఇంజన్ మొత్తం పోతది ఆపా!"

రాజన్న మొహం పాలిపోయింది. అది ఉత్త బెదిరింపు కాదు. నిజంగానే అలా పోయిన ఇంజన్లు నేను కడిగాను, వంగిన వాల్వులు చేత్తో తీశాను.

"అందుకే చెయ్యి ఉంది" అంది ఆపా. "సెల్ఫు మోటరు తిప్పొద్దు. ముత్తి చేత్తోని తిప్పుతది."

పన్ను మార్చాం. స్పానర్ పట్టుకుని క్రాంకును గీత గీతగా తిప్పాను. వాల్వు స్ప్రింగులు అదిమినప్పుడు బరువొకటి చేతికి వస్తుంది, అది మెత్తగా ఉంటుంది. ఇనుము ఇనుముకు తగిలితే అది గట్టిగా, గోడకు తగిలినట్టే ఆగిపోతుంది. ఆ రెండింటి తేడా మీదే నా బతుకు ఆగి ఉంది. తిప్పాను. మెత్తటి బరువు వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, పోయింది. గట్టిది రాలేదు. మళ్లీ కొలిస్తే, తీగ ఉండాల్సిన గీత మీదకు వచ్చి నిలిచింది.

ఇక నెలవంక ఒక పన్ను పక్కకు పోయి ఉంది. దాన్ని అలాగే వదిలితే, రేపు విప్పేవాడు దాన్ని నమ్మి మళ్లీ తప్పుగా బిగిస్తాడు. ఆపా ఆకురాయి తీసుకుంది. ఖాదర్ ఆ నెలవంక మీద బొటనవేలు పెట్టి తీయలేదు.

"అబ్బది ఇది."

"నాకు గూడ అబ్బే ఖాదర్." ఆమె గొంతు మొదటిసారి తగ్గింది. "చెయ్యి తియ్యి."

తీశాడు. ఆమె కళ్లతో కాక వేలితో వెతికి, రెండు నెలవంకల్నీ తనే అరగదీసింది. తర్వాత పంచ్, సుత్తె నా చేతిలో పెట్టింది. "కొలిచినోళ్లు గుర్తు కొట్టాలె. షెడ్డు కాయిదా. కొట్టు."

నేను కొట్టలేదు. "నువ్వు కొట్టందే నేను కొట్ట ఆపా."

"నాకు గుర్తు లేదు కదనే."

"నాకు మాత్రం ఉన్నదా?"

ఆమె నావైపు పొర కమ్మిన కళ్లతో చూసింది. పాన్ ఎర్రటి పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. "అరే, నాకే ఎదురు తిరుగుతవ్" అంది. గుర్తులు ఎలాగూ రెండు కావాలి. పంచ్ మొనను హెడ్డు మీద సరైన చోట నేను పట్టుకున్నాను. ఆమె బిస్మిల్లా అని సుత్తెతో ఒక్క దెబ్బ వేసింది. ఒక్క చుక్క, లోతుగా. చక్రం మీద దానికెదురుగా నా వంతు వచ్చింది. "నేనేమనాలె?" అన్నాను. "మీ వేల్పును తల్సుకో. ఆయనకు గూడ ఇంజన్ల సంగతి తెలవాలె." మా ఇలవేల్పును తలచుకుని కొట్టాను.

బండిలో మనుషుల్ని, పైన బియ్యం బస్తాల్ని ఎక్కించుకుని రాజన్న ఎత్తు దారికి తీసుకెళ్లాడు. ఆపా ముందు కూర్చుంది. నేను వెనక ఇరుక్కున్నాను. ఖాదర్ రానన్నవాడు, ఆఖరికి డిక్కీ మీద ఎక్కి కూర్చున్నాడు. ఎత్తు మొదలయ్యే చోట రాజన్న అలవాటు కొద్దీ దిగడానికి తలుపు మీద చెయ్యి వేశాడు. "కూసో, ఎటు పోతవ్?" అంది ఆపా. బండి ఎక్కింది. గొప్పగా ఏమీ ఎక్కలేదు, ముక్కుతూ మూలుగుతూనే ఎక్కింది. కానీ ఎవరూ దిగలేదు.

ఆ తర్వాత నేను సామాన్లు కడగలేదు. కొంతకాలానికి ఖాదర్ నది దాటి భద్రాచలంలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. ఇప్పటికీ గుర్తులు చూసే బిగిస్తాడు, చాలా బండ్లు బాగానే తిరుగుతాయి. "మా అబ్బ గుర్తు మీద ఆకురాయి పెట్టిన షెడ్డు" అని మా గురించి చెబుతాడట. అబద్ధం కాదు కదా, చెప్పనీ. గాస్కెట్ డబ్బాల మీది పేర్లు కూడబలుక్కుంటూ నేను అక్షరాల్లోకి వచ్చాను. మొదటిసారి వార్తాపత్రిక పేరు పైకి చదివితే ఆపా చెవులు మూసుకుని, "ఇగ నిన్ను పట్టుకునుడు కష్టం" అంది. ఆమె పోయిన రోజు ఖాదర్ వచ్చాడు. ఆ ఖాకీ చొక్కాను మేకు నుంచి తీసి నా చేతికి ఇచ్చి వెళ్లిపోయాడు.

షెడ్డుకు కొత్తగా వచ్చేవాళ్లు ఇప్పటికీ "మేస్త్రి లేడా?" అని అడుగుతారు. ఉన్న, చెప్పండి అంటాను. కొందరు వెళ్లిపోతారు. వాళ్లను పిలవను.

పోయిన ఎండాకాలం మా అన్న పోడు చేలో ఫారెస్టు ఆఫీసు వాళ్లు కొత్తగా హద్దురాయి పాతారు. రాయికి అవతల ఉన్నది ఇక నీది కాదన్నారు. చేను సగం పోయింది. గూడెంలో పెద్దవాళ్లు రాయి పాతాక ఏం చేస్తామని తల దించుకున్నారు. అన్న కబురు పెడితే నేను వెళ్లేసరికి ఆఫీసు మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల కాగితం అడిగి తీసుకుని, చెట్టు నీడన నిలబడి ఒక్కొక్క మాటే చదివాను. వాళ్లు విసుగ్గా చూస్తుంటే ఇంకా నెమ్మదిగా చదివాను. ఎటు నుంచి కొలిచారో అందులో ఎక్కడా లేదు.

"రాయి కనిపిస్తలేదా అమ్మా?" అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"కనిపిస్తంది సార్. ఎటు నుంచి కొలిచిండ్రు?"

"వాగు దిక్కు నుంచి."

"గుట్ట దిక్కు నుంచి గూడ కొలవండి."

"రాయి పాతినంక మల్ల కొలుసుడేంది?"

"రెండు దిక్కుల నుంచి కొలిచేదాక అది రాయే సార్. హద్దు కాదు."

ఆయన తన వాళ్ల వైపు చూశాడు. అన్న నా చెయ్యి పట్టి లాగాడు, వద్దు పద అని. నేను వెళ్లి ఆ రాయి మీద కూర్చున్నాను. ఎండకు అది కాలుతోంది. వాళ్లు కాసేపు గుసగుసలాడుకున్నారు, కాసేపు గట్టిగా మాట్లాడారు. ఆఖరికి ఒకతను టేపు కోసం జీపు వైపు నడిచాడు. అది కొలిచి ముగిసేదాకా లేవనని అన్నకు కోయలో చెప్పాను. తాగడానికి మాత్రం చెంబుడు నీళ్లు తెమ్మన్నాను.